గిట్టయు లాడమును

మధుర నుండి తూత్తుకుడి పోవు రైలుమార్గములో కోవిల్‌పట్టి దాటిన పిమ్మట కడంబూరు స్టేషను వచ్చును. ఈ పేరు వినగానే ప్రయాణికులకు బొబ్బట్లు జ్ఞప్తికి వచ్చును. వర్తకులకు జ్ఞప్తికి వచ్చునది పత్తి. చుట్టును నల్లరేగడి నేల. పత్తి, సజ్జ, జొన్న, మినుము పండించు ఈ పల్లెలలో తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. 1876లో రైలు పడుటకు పూర్వము ఈ సీమ పత్తి ఎద్దుబండ్ల మీదనే తూత్తుకుడి రేవు చేరెడిది. రైలు వచ్చిన తరువాత కూడ పొలము నుండి మిల్లునకు, మిల్లు నుండి స్టేషనునకు బండియే గతి. లారీలు, ట్రాక్టర్లు వచ్చువరకు విరుదునగరు, సాత్తూరు, కోవిల్‌పట్టి బజారుల సరకు ఎద్దు గిట్టల మీదనే నడచినదనుట అతిశయోక్తి కాదు.

బండ్లు పెట్టుకొన్న వర్తకుని లెక్కపుస్తకములో ఆ గిట్టల సంగతి ఒక చిన్న పద్దు మాత్రమే. లాడములకు ఇంత అని వ్రాసి పుట తిప్పెడివారు. ఆ పద్దు వెనుక ఎంత కథ యున్నదో విచారించినవారు తక్కువ.

నల్లరేగడిలో దుక్కి దున్ను ఎద్దుకు సాధారణముగా లాడము కొట్టరు. మెత్తని నేల గిట్టను అరగదీయదు. అదే ఎద్దును కంకర రోడ్డు మీద బండికి కట్టినచో కొలది కాలములోనే గిట్ట అరిగి, లోపలి లేత భాగము నేలకు తగిలి, కుంటుట ప్రారంభించును. అప్పుడు లాడము కొట్టువానిని పిలుతురు. ఎద్దు గిట్ట రెండుగా చీలియుండును గనుక కాలికి రెండు రేకుల చొప్పున నాలుగు కాళ్లకు ఎనిమిది రేకులు కావలెను. కొందరు ముందు కాళ్లకు మాత్రమే వేయించెడివారు. గుర్రము మూడు కాళ్ల మీద నిలిచి ఒక కాలు మనిషి ఒడిలో పెట్టును. ఎద్దు అట్లు నిలువదు. కాబట్టి త్రాటితో ఉచ్చు వేసి, ప్రక్కకు పడద్రోసి, నాలుగు కాళ్లు కలిపి కట్టి, మెడ మీద ఒకడు కూర్చుండగా మేకులు కొట్టుదురు. సంత రోజున ఆ దృశ్యము చూచిన పిల్లలు ఎద్దును చంపుచున్నారని ఏడ్చుట కలదు. వాస్తవమునకు మేకు సరియైన చోట దిగినచో ఎద్దుకు నొప్పి లేదు. అది మనిషి గోరువంటి నిర్జీవమైన కొమ్ము పదార్థము. ఎద్దు పడు బాధ పడద్రోయుటలోను, కట్టుటలోను, మేకు తప్పి లోపలి మాంసములోనికి పోయినప్పుడును ఉన్నది.

ఈ సీమకు గిట్టతోను లాడముతోను పాత సంబంధము కలదు. కడంబూరునకు ఆగ్నేయముగా, తామ్రపర్ణి సముద్రములో కలియు చోట, పాండ్యుల కాలమున కాయల్ అను గొప్ప రేవు ఉండెను. అరేబియా, పారసీక దేశముల గుర్రములు అక్కడ దిగెడివి. ఏటేట పదివేల గుర్రములు ఈ తీరమునకు వచ్చెడివని పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ వ్రాసెను. ఒక్కొక్కదాని వెల 220 బంగారు దీనారములట. 1292 ప్రాంతమున ఈ తీరమునకు వచ్చిన వెనీసు వర్తకుడు మార్కో పోలో మరియొక సంగతి వ్రాసెను. ఇక్కడి రాజులు ఇన్ని గుర్రములు కొన్నను ఏడాది తిరుగునప్పటికి వానిలో ఎక్కువ భాగము చచ్చెడివట. గుర్రపు సంరక్షణ తెలిసిన నాల్బందులు ఈ దేశమున లేరట. గుర్రములు తెచ్చు వర్తకులు తమతో అట్టివానిని తేరు సరిగదా, వచ్చెదనన్నవానిని కూడ రానీయరట. ఆ కాలమున లాడము కొట్టువాడే గుర్రపు వైద్యుడు. వాడు వచ్చినచో గుర్రములు బ్రతుకును, బ్రతికినచో మరుసటి ఏడు బేరము తగ్గును. ఇదే వారి లెక్క. పరదేశి వ్రాసిన మాట గనుక కొంత తగ్గించి పుచ్చుకొనవచ్చును గాని, వర్తక కులములవారు చదివి సిగ్గుపడదగిన వ్రాత ఇది.

అయితే నాల్బందులు వచ్చియున్నను ఇనుము ఒక్కటే ఆ గుర్రములను కాపాడెడిదా అనునది ప్రశ్న. ఇక్కడ గుర్రములను మేకులకు త్రాళ్లతో కట్టి, వేచిన యవలు, వెన్న కలిపిన ధాన్యము, కాచిన పాలు పెట్టెడివారని వస్సాఫే వ్రాసెను. కదలక నిలిచి బలమైన ధాన్యము తిను గుర్రమునకు గిట్టలోపల వాపు పుట్టునని నేటి పశువైద్యులకు బాగుగ తెలియును. ఇది అర్థము కావలెనన్నచో గిట్ట యెట్టిదో చూడవలెను.

గుర్రపు గిట్ట వెలుపల గోడ ఒకటి, అడుగున పళ్లెము వంటి అరికాలు ఒకటి. మడమవైపు నుండి ముందుకు చొచ్చుకొని వచ్చు ముక్కోణపు మెత్తని దిండు మరియొకటి. లోపల ఒక ఎముక ఉండును. ఆ ఎముకను గోడకు పట్టియుంచునవి సన్నని పొరలు, పుస్తకములోని కాగితములవలె వందల కొలది. గుర్రము బరువంతయు ఆ పొరల పట్టు మీద ఆధారపడియున్నది. ధాన్యము మితిమీరినప్పుడు వాచునవి ఈ పొరలే. గుర్రము కాలు మోపినప్పుడు మడమలు కొంచెము విచ్చుకొనును, ఎత్తినప్పుడు మరల దగ్గరకు వచ్చును. దానివలన దెబ్బ తగ్గును, నెత్తురు చక్కగా ఆడును.

గోడ పైనుండి క్రిందకు నెలకు సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగును. నడకవలన క్రింద అరుగును. పెరుగుట జమ, అరుగుట ఖర్చు. జమాఖర్చులు సరిపోవునంత కాలము గిట్టకు ఎవరి సహాయమును అక్కరలేదు. రోడ్డు బండికి కట్టినప్పుడు ఖర్చు జమను మించును. లాడము ఆ ఖర్చును ఆపుటకు పుట్టినది. కాని లాడము ఖర్చును పూర్తిగా ఆపివేయును. జమ మాత్రము ఆగదు. కావున ఆరెనిమిది వారముల కొకసారి లాడము ఊడదీసి, పెరిగిన గిట్టను కోసి, మరల కొట్టవలెను. అట్లు చేయక లాడము ఊడిపోవు వరకు వదలివేయు యజమానులే ఎక్కువ. పొడుగెదిగిన గిట్ట మీద నడచు గుర్రము, కొలత తప్పిన చెప్పులతో నడచు మనిషి వంటిది. కీళ్లు నరములు చెడును.

మేకులతో బిగించిన ఇనుము మడమల విచ్చుకొనుటను ఆటంకపరచునని ఇంగ్లండులో బ్రేసీ క్లార్క్ అను పశువైద్యుడు 1809లోనే గ్రంథము ప్రకటించెను. లాడము వేయకముందు విశాలముగా నున్న గిట్ట, కొన్ని యేండ్లు లాడము వేసిన పిమ్మట మడమల వద్ద ఎట్లు ఇరుకైపోవునో అచ్చులు తీసి చూపెను. ఆ రోజులలో లండను వీథులన్నియు గుర్రముల మీద నడచుచుండెను. అతని మాట చెల్లలేదు. అంతకు రెండువేల యేండ్లకు పూర్వము, మేకుల లాడము ఎరుగని గ్రీకు దేశమున జెనోఫోన్ అను సేనాని గుర్రముల గురించి వ్రాసిన గ్రంథములో, లాయము ముంగిట నాలుగైదు బండ్ల గుండ్రని రాళ్లు పోసి గుర్రమును వాని మీద నిలిపినచో గిట్ట గట్టిపడునని చెప్పియున్నాడు. ఖర్చులేని చిట్కా. నేటికిని పనికివచ్చును.

ఇటీవలి కాలమున ఈ ప్రశ్నను మరల లేవదీసినవారిలో ముఖ్యుడు అమెరికాలో లాడములు కొట్టి జీవించిన జేమీ జాక్సన్. అతడు 1982 నుండి 1986 వరకు ఆ దేశపు పశ్చిమ భాగమున రాతినేలలలో స్వేచ్ఛగా తిరుగు గుర్రములను పరిశీలించెను. ఇనుము ఎరుగని ఆ గిట్టలు పొట్టిగా, దృఢముగా, అంచు గుండ్రముగా అరిగి, రాళ్ల మీద పరుగునకు తట్టుకొనుట చూచెను. వాని ఆరోగ్యమునకు కారణము రోజంతయు నడచుట, ఎండు నేల, గడ్డి మేత. 1992లో అతడు తన పరిశీలనలను గ్రంథముగా ప్రకటించెను. తాను మేకులు కొట్టుట మాని, అడవి గిట్ట అరిగిన తీరును ఆకురాయితో అనుకరించు పద్ధతిని బోధించెను. నాలుగు నుండి ఆరు వారముల కొకసారి గోడ అంచును గుండ్రము చేయుట, మడమలను మితముగా తగ్గించుట, అరికాలును చెక్కకుండుట, ముక్కోణపు దిండును ముట్టకుండుట దాని సారము. ముందు సుత్తి పట్టిన చేతితోనే ఆకురాయి పట్టిన లాడపువారు తరువాత అనేకులు బయలుదేరిరి.

ఇంతవరకు చదివి, అయితే రేపే లాడములు ఊడదీయించెదమని ఎవరును తొందరపడరాదు. ఇక్కడనే చాలమంది పొరబడినది. యేండ్ల తరబడి ఇనుము మీద నిలిచిన గిట్టకు అరికాలు పలుచన, మడమలు ఇరుకు. మేకులు తీసి రోడ్డు మీదకు తోలినచో అది నిప్పుల మీద నడిపించినట్లే. లెక్క చూడుడు. గిట్ట ముందుగోడ సుమారు 80 మిల్లీమీటర్లు, పెరుగుదల నెలకు 8. పాత గోడ పోయి క్రొత్త గోడ పూర్తిగా దిగుటకు పది నెలలు కావలెను. అంతవరకు పని తగ్గించవలెను, ధాన్యము తగ్గించి గడ్డి పెంచవలెను, ఎండునేల మీద ప్రతిదినము నడిపించవలెను, రాతిదారి వచ్చినప్పుడు రబ్బరు జోళ్లు తొడుగవలెను. కొన్ని గుర్రములకు, ముఖ్యముగా వ్యాధి యున్నవానికి, రోడ్డు మీద నిత్యము బరువు లాగువానికి, లాడమే మేలని చెప్పు వైద్యులు ఇప్పటికిని కలరు. తారురోడ్డు మీద బండి లాగు ఎద్దు విషయములో కూడ అంతే. ఖర్చు జమను మించు చోట ఇనుము తీసివేయుట దయ అనిపించుకొనదు.

మరియొక చిక్కు కూలి విషయమున ఉన్నది. లాడము కొట్టినవాడు ఇనుము చూపి డబ్బు అడుగును. యజమానికి క్రొత్త రేకు మెరయుచు కనబడును, ఇచ్చును. గిట్ట అరగదీసినవాడు చూపుటకు ఏమున్నది? నేలమీద కొన్ని చెక్కుముక్కలు. ‘ఆకురాయి రుద్దినదానికి ఇంత కూలియా?’ అని బేరమాడనివాడు అరుదు. కాని నేర్పు అంతయు ఆ రుద్దుటలోనే ఉన్నది. ఎంత తీయవలెనో, ఎక్కడ ఆపవలెనో అందులో తెలియును. ఒక వెంట్రుకవాసి ఎక్కువ తీసినచో వారము దినములు కుంటును. సరకునకు వెల కట్టుట తెలిసిన వర్తకులు నేర్పునకు వెల కట్టుటలో వెనుకాడుట వింతయే.

అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో చెప్పబడినవి. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇక్కడ వధ అనగా కొట్టుట. లాడము సంగతి వచ్చినప్పుడు అందరి చూపును మేకు మీదనే పడును, ఛేదమునే తలంతురు. నిదానించి చూచినచో గిట్టను చెరచునవి ఎక్కువగా బంధమును అతిభారమును. రోజంతయు కట్టివేసిన పశువు గిట్టకు ఖర్చు లేదు, మోయలేని బండికి కట్టినదాని గిట్టకు జమ చాలదు. ప్రభుత్వము కూడ 1965లో చేసిన నిబంధనలలో బండి పశువును రోజుకు తొమ్మిది గంటలకు మించి గాని, విరామము లేక ఐదు గంటలకు మించి గాని పని చేయించరాదనియు, వేడి 37 డిగ్రీలు దాటు స్థలములలో మధ్యాహ్నము పండ్రెండు నుండి మూడు వరకు తోలరాదనియు విధించినది.

బండ్లు తగ్గినవి గదా, ఇక గిట్టల చింత ఎందుకని అడుగువారికి పింజరాపోలులను చూపవలెను. జైన కుటుంబములు విరాళములిచ్చి నడుపు ఈ శాలలలో ముసలి ఎద్దులు, వట్టిపోయిన ఆవులు సిమెంటు నేల మీద నిలిచియుండును. నడక లేదు గనుక గిట్ట అరుగదు. ముఖ్యముగా వెనుక కాళ్లలో వెలుపలి గిట్ట పెరిగి, కొన వంకర తిరిగి, పశువు మడమల మీద వాలి నిలుచును. పేడ నీళ్లు నిలిచిన చోట గిట్ట మెత్తబడి కుళ్లును. మేతకు, నీళ్లకు, రేకుల కప్పునకు దాతలు ఉత్సాహముగా ఇత్తురు. గిట్టలు తీయించుటకని ప్రత్యేకముగా ఇచ్చు దాత అరుదు. పశువు ఎదుట పచ్చగడ్డి యున్నను లేచి నాలుగడుగులు వేయలేక పోయినచో ఆ గడ్డి ఎవరికి?

దీనికి కావలసిన సామాను స్వల్పము. ఒక గిట్టకత్తి, ఒక కత్తెర పటకారు, ఒక ఆకురాయి. పశువును పడద్రోయకుండ నిలిపి కాలు ఎత్తి కట్టుటకు నాలుగు గట్టి స్తంభముల కొయ్యచట్రము, పొట్టక్రింద వెడల్పు పట్టి. లాడముల పని తగ్గి ఖాళీగా నున్న వృద్ధులు సంత ఊళ్లలో ఇంకను కొందరు కలరు. పశువైద్యుని ఎదుట వారిచేత ఏటికి రెండు సార్లు, ఒకటి వానలకు ముందు, ఒకటి వానలు వెనుదీసిన పిమ్మట, ప్రతి పశువు గిట్టలు చూపించవచ్చును. శాల వెనుక ఎండుచోట కొంత మేర కంకర పరచి, నీళ్లతొట్టి ఆ కొసన, మేత ఈ కొసన పెట్టినచో పశువు దాహము వేసిన ప్రతిసారి ఆ రాళ్ల మీదుగానే నడచి పోవును.