దొంగిలింపబడిన పెట్టుబడి – ఆదాయపు పన్ను

పన్నుల చట్టం మన లాభంలో భాగం కోరుతుంది. అట్లయినచో మన నష్టంలో కూడా అది పాలుపంచుకొనునా? పెట్టుబడిగా కొని దాచుకొన్న బంగారం దొంగల పాలైనప్పుడు, ఆ నష్టాన్ని ఆదాయం నుండి తగ్గించి చూపవచ్చునా? విద్యార్థులకే గాక ప్రతి గృహస్థుకూ అవసరమైన ఈ ప్రశ్నను మనం పరిశీలింతము.

ఒక నగల వర్తకుని దుకాణంలోను, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలి ఇంటిలోను పదేసి తులాల బంగారం చోరీ అయినదనుకొందాము. నష్టం ఇద్దరికీ సమానమే. కాని చట్టం దృష్టిలో వర్తకుని బంగారం వ్యాపారపు సరుకు. ఉపాధ్యాయురాలి బంగారం మూలధన ఆస్తి. ఫలితమంతా ఈ భేదంపైనే ఆధారపడి ఉన్నది.

మొదట వర్తకుని సంగతి. 1958లో బద్రీదాస్ దాగా కేసులో, ఏజెంటు కాజేసిన సొమ్మును వ్యాపార నష్టంగా సుప్రీంకోర్టు అంగీకరించినది. ఇతరులకు అధికారం అప్పగించనిదే వ్యాపారం సాగదు గనుక, ఆ ప్రమాదం వ్యాపారంలో అంతర్భాగమని దాని తర్కము. అయితే వడ్డీ వ్యాపారి ఇంట రాత్రివేళ దొంగ పడితే అది ఆస్తిపరులందరికీ ఉండే ప్రమాదమే గాని వ్యాపార ప్రమాదం కాదని కూడా అదే తీర్పు హెచ్చరించినది. 1965లో నైనిటాల్ బ్యాంకు కేసు వచ్చినది. 1951లో ఆ బ్యాంకు రామ్‌నగర్ శాఖలో దోపిడీ జరిగి లక్ష రూపాయలకు పైగా పోయినది. నగదే బ్యాంకుకు సరుకు, దానిని శాఖలో ఉంచుకొనుట వ్యాపారానికి అనివార్యము. కావున ఆ నష్టాన్ని తగ్గించుకోవచ్చునని కోర్టు నిర్ణయించినది. ఈ విధంగా వర్తకునికి ఒక దారి ఏర్పడినది.

ఇక ఉపాధ్యాయురాలి సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 45వ సెక్షను ప్రకారం, మూలధన లాభమైనా నష్టమైనా ఆస్తి 'బదిలీ' అయినప్పుడే లెక్కకు వచ్చేది. దొంగ చేతికి వస్తువు చేరును గాని హక్కు చేరదు. యజమాని హక్కు యజమానిదే. కనుక చోరీ బదిలీ కాదు, బదిలీ లేనిచోట మూలధన నష్టమూ లేదు. 1999లో ఆ సెక్షనుకు ఒక ఉపనిబంధన చేర్చి వరద, తుఫాను, భూకంపం, అల్లర్లు, అగ్నిప్రమాదం, శత్రుదాడి వంటి వాటివల్ల నాశనమైన ఆస్తికి వచ్చే బీమా సొమ్మును పన్ను పరిధిలోకి తెచ్చినారు. ఆ జాబితాలో చోరీ లేదు. 2026 ఏప్రిల్ 1 నుండి ఆ చట్టం స్థానంలో అమలగు 2025 చట్టానికి కూడా బదిలీయే పునాది.

ఇది న్యాయమా? అదే బంగారాన్ని రెండేళ్ళకు పైగా ఉంచుకొని అమ్మినచో, లాభంపై 12.5 శాతం మూలధన పన్ను ఉన్నది. లాభంలో భాగస్వామియైన ప్రభుత్వం చోరీలో పరాయిదగుచున్నది. చోరీని ఋజువు చేయుట కష్టమని, దొంగ లెక్కలు పుట్టునని సమర్థకులు చెప్పవచ్చును. ఆ భయం నిరాధారం కాదు. అయినా వేరు మార్గం అసాధ్యమూ కాదు. అమెరికాలో 2008 డిసెంబరులో మేడాఫ్ మోసం బయటపడిన పిమ్మట, 2009లో అక్కడి పన్నుల శాఖ అటువంటి పెట్టుబడి నష్టాన్ని చోరీ నష్టంగా పరిగణించినది. అర్హమైన నష్టంలో 95 శాతం, ఇతరులపై దావాకు పూనుకొనేవారికి 75 శాతం, మోసం బయటపడిన సంవత్సరంలోనే తగ్గించుకొనే సులభ పద్ధతిని కల్పించినది. నేరారోపణ వంటి ఋజువులను షరతుగా పెట్టి దొంగ లెక్కలను అరికట్టినది.

మన దేశంలో అట్టి సవరణ వచ్చువరకు, గృహస్థునికి రక్షణ పన్ను లెక్కలలో గాక ముందుజాగ్రత్తలోనే ఉన్నది. కొనుగోలు రసీదులు భద్రపరచుట, బీమా చేయుట, చోరీ జరిగిన వెంటనే పోలీసు ఫిర్యాదు నమోదు చేయించుట అవసరము. వర్తకులు నష్టం బయటపడిన సంవత్సరపు లెక్కలలోనే దానిని చూపవలెను. ఏ ఆస్తి విషయంలోనైనా విద్యార్థులు ముందుగా వేసుకొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఎంత పోయినది అని కాదు, పోయినది యజమాని చేతిలో సరుకా, పెట్టుబడియా అని.