పర్యాయపదముల అభ్యాసము

ప్రవేశపరీక్షకు సిద్ధపడుచున్న పిల్లలకు మేము సాయంకాలములందు పాఠము చెప్పుచుందుము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములనుండి వచ్చినవారందు చేరుదురు. ఒకనాడు మాదిరి పరీక్షలో “సముద్రమునకు పర్యాయపదము వ్రాయుము” అని యడిగితిమి. రేపల్లె వైపు బాలిక యొకతె “వారధి” అని వ్రాసెను. ఆమె కంఠస్థము చేసినది “వారిధి”. ఒక్క గుడి పోయినందున సముద్రము కాస్త వంతెన యైనది! పెనుమూడినుండి పులిగడ్డకు కృష్ణానది మీదుగా పోవు వంతెనను ఆ ప్రాంతమువారు వారధి యనియే పిలుతురు గనుక ఆ మాట ఆమె చెవికి పుట్టినది మొదలు పరిచితము. వారిధి యనునదో, మేమిచ్చిన పట్టికలో తప్ప మరెక్కడను ఆమెకు కనబడలేదు.

ఆ పట్టికలో నూరు మాటలు, ఒక్కొక్క మాటకు నాలుగైదు పర్యాయపదములు ఉండెను. పిల్లలు దానిని పాటవలె వల్లించిరి. మేమును సంతోషించితిమి. కాని “రైతు ఆకసమున జలదములను చూచి సంతసించెను” అను వాక్యమిచ్చి, జలదములనగా పద్మములా, మేఘములా, సముద్రములా, చేపలా అని యడుగగా సగముమంది పద్మములనిరి. పట్టికలో జలజము, జలదము, జలధి ఒకదాని క్రింద నొకటి యుండెను గదా! తప్పు పిల్లలది కాదు, మాది.

ఈ సంగతి చిన్నది కాదు. నవోదయ విద్యాలయములలో ఆఱవ తరగతి ప్రవేశమునకు జరుగు పరీక్షలో మొత్తము 80 ప్రశ్నలు, 100 మార్కులు. కాలము రెండు గంటలు. అందు భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. గద్యఖండములనిచ్చి వానిపై ప్రశ్నలడుగుదురు గనుక మాట యెప్పుడును వాక్యములోనే యెదురుపడును, పట్టికలో కాదు. స్థానములలో నూటికి 75కు తక్కువ గాకుండ గ్రామీణ బాలబాలికలకు ఇయ్యబడును. కూలిపని చేసికొను తలిదండ్రుల బిడ్డకు అట్టి స్థానము దొరకుట యనగా నేమో ఈ పత్రికను చదువు తలిదండ్రులకు మేము చెప్పనక్కఱలేదు. ఒక్క మార్కుతో అది తప్పిపోవుటయు గలదు.

కావున పట్టికను ప్రక్కకు పెట్టి మరియొక త్రోవ పట్టితిమి. అది నిజమునకు పాత త్రోవయే. అమరసింహుడు తన కోశమును అక్షరక్రమమున కూర్చలేదు. వస్తువులనుబట్టి వర్గములుగా కూర్చెను. నీటికి సంబంధించినవన్నియు వారివర్గమున నున్నవి. తెలుగు మాటల కొఱకు పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థములను వర్గులుగా నున్నది. మాటలకును కుటుంబములు గలవని ఆ పెద్దలెఱుగుదురు.

విద్యార్థులారా, నీటి కుటుంబమును చూడుడు. జలము, వారి, అంబువు, నీరము: ఈ నాలుగును నీరే. “ద” యనగా ఇచ్చునది. నీటినిచ్చునది మేఘము గనుక జలదము, వారిదము, అంబుదము, నీరదము. “ధి” యనగా నిలువయుండు చోటు. నీరు నిలువయుండునది సముద్రము గనుక జలధి, వారిధి, అంబుధి, నీరధి. “జ” యనగా పుట్టినది. నీట పుట్టినది తామర గనుక జలజము, వారిజము, అంబుజము, నీరజము. నాలుగు మాటలు, మూడు అక్షరములు నేర్చిన పండ్రెండు పర్యాయపదములు చేతికి వచ్చినవి. అందులో నొకదానిని మరియొకదానితో పొరబడుటకు చోటు లేదు. ద కారమునకు ఒత్తున్నదా లేదా యని చూచుకొనిన చాలును: ఒత్తు లేనిది మేఘము, ఉన్నది సముద్రము. పయస్సు అను మాటకు మాత్రము నీరు, పాలు అను రెండర్థములును గలవు; అది నానార్థములలోనికి పోవును గనుక ఇప్పటికి దాని జోలికి పోవలదు.

ఇక ఇంటి మాటల సంగతి. దీనిని గూర్చి మేము కొంత సిగ్గుతో వ్రాయుచున్నాము. నిజాంపట్నము వైపు బెస్తవారి బాలుడొకడు వ్యాసములో “సంద్రము” అని వ్రాయగా మేము దానిక్రింద ఎఱ్ఱగీటు గీసి “సముద్రము” అని దిద్దితిమి. అటుపిమ్మట అతడా మాటను మా యెదుట పలుకలేదు. కొన్ని నెలలకు ప్రకృతి వికృతుల పాఠము వచ్చినది. “సముద్రము – సంద్రము” అని మేమే బోర్డుమీద వ్రాసి కంఠస్థము చేయుడంటిమి. బాలుడు లేచి, “మాస్టారూ, ఇది మా అమ్మ మాటే గదండీ!” అనెను. మేమేమియు అనలేకపోతిమి. నిద్ర – నిద్దుర, ముఖము – మొగము, అగ్ని – అగ్గి, రాత్రి – రాతిరి, కథ – కత: వీనిలో రెండవ వరుస యంతయు ఆ పిల్లవాని యింట దినదినము వినబడునదే. పదవ తరగతి పరీక్షకు మనము కష్టపడి నేర్పునది అతనికి తల్లిపాలతో వచ్చినది. మేము దానిని మొఱటుమాట యంటిమి.

ఊరిపేళ్లలో సహితము ఈ సంపద గలదు. నిజాంపట్నములోని పట్నము పట్టణమునకు వికృతి. బాపట్ల చెంతనున్న సూర్యలంకలో లంక యున్నది. రేపల్లె ప్రక్క కృష్ణలోని లంకలు మీరెఱిగినవే. లంక యనినను దీవి యనినను ద్వీపమే. ద్వీపమునకు వికృతి దీవి. వారధి దాటి అవతలికి పోయిన దివిసీమ. ఆ దివి ఇదియే గాని స్వర్గమను దివి కాదు.

అయితే దగ్గఱగా నున్న మాటలన్నియు పర్యాయపదములు కావు. తెనాలి పిల్లలకు దీనిని చెప్పుట సులభము. చేనిలో నున్నది వరి, కోసి నూర్చినవి వడ్లు, మరపట్టినది బియ్యము, వండినది అన్నము. ఇంగ్లీషున రైస్ అను ఒక్క మాట వీనిలో పెక్కింటికి చెల్లును గనుక తర్జుమా చేయుచు ఒకడు “మేము ప్రతిదినము బియ్యము తిందుము” అని వ్రాసెను. తరగతి యంతయు నవ్వినది. వడ్లకు ధాన్యము మన ప్రాంతమున పర్యాయపదము, బియ్యము కాదు.

నిజముగా పర్యాయపదములైనవానిలో సహితము భేదము గలదు. ప్రార్థనలో మనము వాడు దయ, కృప, కనికరము, జాలి అను మాటలను తీసికొనుడు. కాలు విఱిగిన కుక్కపిల్లను చూచిన జాలి కలుగును. దానిపై కృప కలిగెనని యెవరు నందురు? కృప యనునది గొప్పవాడు చిన్నవాని యోగ్యతను ఎంచక చూపునది. జాలి హృదయములో పుట్టు నొప్పి. ఆ నొప్పి చేతులలోనికి వచ్చిన కనికరము. కనికరించినవాడు ఊరకుండడు, ఏదియో యొకటి చేయును. దయ యీ మూటిని తనలో నిముడ్చుకొను పెద్దమాట. పరీక్షలో దయకు పర్యాయపదమడిగిన వీనిలో ఏది వ్రాసినను సరియే. వాక్యమునిచ్చి ఖాళీని పూరింపుమనిన మాత్రము ఆలోచింపవలెను.

ఇప్పుడు మా పిల్లలు దినమునకు అయిదు మాటలకంటె ఎక్కువ నేర్చుకొనరు. నోటుపుస్తకములో మాటకొక పుట. పైన పుస్తకపు మాట, దానిక్రింద ఇంటి మాట, పిమ్మట అట్టి మాటలు మరిరెండు, అడుగున సొంత వాక్యము. ఇంటి మాట కొఱకు అమ్మమ్మను, నాయనమ్మను అడుగవలెను. ఈ విషయమున తలిదండ్రులు చదువుకొనలేదని వెనుదీయవలదు. సొంత వాక్యము లేని పుటను మేము దిద్దము. మొదట చెప్పిన బాలిక తన పుటలో “మా వారధి క్రింద పోవు కృష్ణ వారిధిలో కలియును” అని వ్రాసెను. ఆ రెండు మాటలను ఆమె మరల పొరబడలేదు.

వేసవి సెలవులలో చేయవలసిన పని: ఇల్లు, వాన, రైతు, చెట్టు, వెలుగు అను మాటలకు పైవిధముగా పుటలు వ్రాయుడు. గృహమునకు ఆలయము పర్యాయపదమైనను “మేము ఆలయములో వండుకొంటిమి” అని యేల అనరాదో రెండు వాక్యములలో తెలుపుడు. మీ ఊరిపేరులో పల్లె, పాలెము, పట్నము, లంక, పూడి అనువానిలో ఏదైన నున్నయెడల దాని యర్థమును పెద్దలనడిగి వ్రాసికొని, బడి తెఱచిననాడు తెచ్చి చూపవలెను.