మోకాలి దాకా దిండు

2025 జూన్ 21 పొద్దున్న విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం దాకా తీరం వెంట మూడు లక్షల మంది ఒకేసారి యోగా చేశారు. మా పక్కింటి పిన్నిగారు, నేను టీవీలో చూస్తున్నాం. "అంతలా వంగడం నా వల్ల ఏటవుద్దమ్మా, పీట మీద కూకోడానికే మోకాళ్లు ఒప్పుకోవు" అన్నారావిడ. అరవై మూడేళ్లు. వన్ టౌన్‌లోనే పుట్టి వన్ టౌన్‌కే కోడలైన మనిషి. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి గురువారం గురువారం నడిచే వెళ్తారు. అలాంటి మనిషి యోగా తనది కాదని పక్కకి తప్పుకోవడం నాకు కష్టంగా అనిపించింది. ఆ వారంలోనే మా ముందుగదిలో ఆవిడకి నేర్పడం మొదలుపెట్టాను. నేర్పిన వరసలోనే ఇక్కడ చెబుతాను.

నేను నేర్పినదాంట్లో ఆసనాలు తక్కువ, ఉండే సమయం ఎక్కువ. ఒక్కోదానిలో మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండి, లోపల ఏం జరుగుతోందో గమనించాలి. అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధవిద్యల గురువు నేర్పగా, పాల్ గ్రిల్లీ నలుగురిలోకి తెచ్చిన యిన్ యోగా ఈ పద్ధతిదే. కదలకుండా ఉండడం మనకి కొత్తేం కాదు. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలోనే శవాసనం ఉంది. కండరాన్ని విసురుగా లాగితే అది తనను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. కింద ఆసరా పెట్టి వదిలేస్తే కాసేపటికి తానే సడలుతుంది. నిమిషాలు పట్టేది అందుకే.

కావలసినవి: ఒక చాప, పాత బొంత, మూడు దిండ్లు, ఒక తువ్వాలు. పొట్ట ఖాళీగా ఉండాలి. భోజనం చేసి ఉంటే మూడు గంటలైనా ఆగాలి. మా పేటలో పొద్దున్న ఐదింటికి మొదలుపెడితేనే ఆటోల చప్పుడు లేకుండా అవుతుంది. అన్నిటికన్నా ముందు తడిగుడ్డతో నేల, కిటికీ చువ్వలు తుడవండి. రాత్రంతా పడ్డ నల్లటి దుమ్ము గుడ్డకి అంటుకుంటుంది. ఊపిరి మీద మనసు పెట్టే పని దుమ్ములో కూర్చుని చెయ్యకూడదు.

బొంతని నాలుగు మడతలు వేసి, దాని మీద గోడకి వీపు ఆనించి కూర్చోండి. తుంటి మోకాళ్ల కన్నా ఎత్తులో ఉంటే నడుము దానంతటదే నిలబడుతుంది. కళ్లు మూసుకుని, వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మొదటి రోజు పిన్నిగారు ఆరు దాకా వచ్చేసరికి హార్బర్‌లో ఓడ కూత పెట్టింది. కళ్లు తెరిచేసి "లెక్క పోయిందమ్మా" అన్నారు. పోతే మళ్లీ ఒకటి నుంచి. అంతకు మించి చెప్పవలసిందేమీ లేదు.

తర్వాత బద్ధకోణాసనం. అరికాళ్లు రెండూ కలిపి, మడమల్ని ఒంటి నుంచి మూరెడు దూరంలో ఉంచండి. మోకాళ్లు పక్కలకి తెరుచుకుంటాయి. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక తరగతిలో నేర్పేవాళ్లు నా మోకాళ్లని చేతులతో నేలకి అదిమారు. వారం రోజులు మేడమెట్లు దిగలేకపోయాను. అందుకే పిన్నిగారికి మొదటే చెప్పాను: "మోకాలు దిండు దాకా దిగక్కర్లేదు పిన్నీ, దిండే మోకాలి దాకా రావాలి." ఆవిడకి ఒక్కో పక్కకి దిండుతో పాటు బొంత మడత కూడా కావలసి వచ్చింది. పెట్టాం. తొడ లోపలి వైపు బరువుగా, లాగినట్టు ఉంటే ఉండనివ్వండి. కీలులో పోటు, మంట, తిమ్మిరి, ఈ మూడింటిలో ఏది వచ్చినా వెంటనే కాళ్లు చాపెయ్యాలి. లాగడానికీ పోటుకీ తేడా బయటివాళ్లకి కనబడదు. అది చేసే మనిషే కనిపెట్టాలి. ఈ ఆసనం మీదే నేను పది రోజులు గడిపించాను.

కాళ్లు చాపి, తొడల మీద రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదకి ఒరగడం పశ్చిమోత్తానాసనం. తల దిండుకి ఆనితే చాలు, కాలివేళ్లు అందుకోనక్కర్లేదు. ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినవాళ్లు దీన్ని వదిలెయ్యాలి. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, రెండూ కలిపి ఒక పక్కకి వాల్చి మూడు నిమిషాలు, రెండో పక్కకి మూడు నిమిషాలు.

ఆ తర్వాత గోడకి దగ్గరగా జరిగి కాళ్లు పైకి ఆనించండి. మార్కెట్‌లో పొద్దంతా నిలబడేవాళ్లకి దీనంత హాయి ఇంకోటి లేదు. కంటిలో నీటికాసుల జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా చెయ్యకూడదు.

చివర శవాసనం, పది నిమిషాలు. కళ్ల మీద తువ్వాలు, మోకాళ్ల కింద దిండు. కదలకపోతే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి ఫ్యాను తగ్గించి దుప్పటి కప్పుకోండి. కాలి బొటనవేలి నుంచి నుదుటి దాకా మనసుతో నెమ్మదిగా నడుచుకుంటూ రావాలి. నిద్ర పడితే పట్టనివ్వండి. లేచేటప్పుడు మాత్రం తొందర వద్దు. కుడి పక్కకి ఒత్తిగిలి, అక్కడ కాసేపు ఉండి, చేతి ఊతంతో లేవాలి. గభాలున లేస్తే పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

మూడు నెలలకి బొంత మడతలు పోయి, మోకాళ్ల కింద ఒక్కో దిండే మిగిలింది. మార్గశిరంలో ఒక గురువారం అమ్మవారి క్యూలో గంటల తరబడి నిలబడి వచ్చారు పిన్నిగారు. మర్నాడు బద్ధకోణాసనంలో కూర్చుంటూ, నేనేమీ అనకముందే బొంత లాక్కుని, మడత పెట్టి, కుడి మోకాలి కింద సర్దుకుని కళ్లు మూసుకున్నారు.