వేళ్ళు నేర్చుకునే స్పెల్లింగు

ముందు ఒక చిన్న ప్రయోగం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మీది కుడిచేతి వాటమైతే పెన్సిలును ఎడమచేత్తో పట్టుకోండి. ఎడమచేతి వాటమైతే కుడిచేత్తో. నిన్న సాయంత్రం బడి వదిలాక మీరేం చేశారో అయిదు వాక్యాల్లో రాయండి. మూడు నిమిషాల్లో ముగించాలి సుమా!

ఏమైంది? అక్షరాలు వంకరపోయి ఉంటాయి. అది అందరికీ తెలిసిందే. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది, గమనించారా? పెన్సిలును ఎటు తిప్పాలి, ఒత్తు ఎక్కడ పెట్టాలి అని ఆలోచిస్తుంటే, చెప్పదలచుకున్న మాట కాస్తా జారిపోయింది. మామూలుగా తప్పు లేకుండా రాసే మాటల్లో కూడా దీర్ఘాలు, ఒత్తులు ఎగిరిపోయాయి. మూడు నిమిషాల్లో మీ తెలివేమీ తగ్గిపోలేదు కదా! మనసు ఒకే క్షణంలో పట్టి ఉంచగలిగే విషయాలు చాలా కొద్ది. ఆ కొద్దిచోటునూ అక్షరాల ఆకారాలే ఆక్రమించుకున్నాయి. ఇక భావానికీ, వర్ణక్రమానికీ చోటెక్కడిది?

కొందరు పిల్లలకు తమకు వాటమైన చేత్తో రాసేటప్పుడు కూడా రోజూ ఇదే అవస్థ. ఇలాంటివాళ్ళను నా తరగతుల్లో చూస్తూనే ఉన్నాను. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటని అడిగితే లేచి చక్కగా చెబుతారు. అదే ప్రశ్న పరీక్షలో వస్తే రెండు వాక్యాలు, వాటిలో ఆరు తప్పులు. తోటిపిల్లలు మొద్దు అంటారు. ఇంట్లో బద్ధకం అంటారు. వినీ వినీ చివరికి ఆ పిల్లలే ఆ మాట నమ్మేస్తారు.

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. ఏళ్ళ తరబడి చదువు చెప్పినా అతనికి చదవడం పట్టుబడలేదు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి ‘ప్రెసీ’ అని రాశాడు. అయితే 749ని 867తో గుణించమంటే చకచకా, సరిగ్గా చేసేశాడు! (మీరూ చేసి చూడండి, ఎంతసేపు పడుతుందో.) పాఠమంతా నోటితోనే చెప్పేటట్లయితే బడిలో అందరికన్నా చురుకైనవాడు ఇతనే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట.

ఈ ఇబ్బందికి డిస్‌లెక్సియా అని పేరు. జర్మనీకి చెందిన కంటివైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో ఈ మాటను వాడాడు. అయితే లోపం కళ్ళలో లేదు. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి మాటను విడివిడి ధ్వనులుగా విడదీయడం, ఒక్కొక్క ధ్వనినీ దాని అక్షరంతో జతచేయడం కష్టమవుతుందని తరువాత తెలిసింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం దీన్ని స్పష్టంగా గుర్తించింది.

మరి దీనికి టైపుతో ఏం పని?

టైపులో అక్షరం ఆకారాన్ని యంత్రమే గీసిపెడుతుంది. ‘బి’, ‘డి’ల పొట్ట ఎటు తిప్పాలన్న బాధ లేదు. కాని కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ ఒంటివేలితో పొడిస్తే, రాతలో పోయిన శ్రద్ధ ఇక్కడ వెతుకులాటలో పోతుంది. అందుకే పది వేళ్ళతో, చూడకుండా టైపు చెయ్యాలి. దీన్నే టచ్ టైపింగ్ అంటారు. 1888 జూలై 25న అమెరికాలోని సిన్సినాటి నగరంలో జరిగిన పందెంలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే ఆయన ఇలా చూడకుండా టైపు చేసి గెలిచాడు. ఈ పద్ధతికి అప్పుడే పేరు వచ్చింది. మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్లకు వెళ్ళి నేర్చుకున్న మీ తాతయ్యల తరం వాళ్ళను అడగండి. వాళ్ళ వేళ్ళు ఇప్పటికీ మరిచిపోయి ఉండవు.

వేళ్ళు మరిచిపోవు అంటున్నానంటే వట్టి మాట కాదు. మెదడులో జ్ఞాపకం ఒకే రకంగా ఉండదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గడానికి మెదడులో శస్త్రచికిత్స చేశారు. మూర్ఛలు తగ్గాయి కాని, కొత్త సంగతి ఏదీ జ్ఞాపకం ఉండకుండా పోయింది. కెనడా శాస్త్రజ్ఞురాలు బ్రెండా మిల్నర్ అతని చేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. ఇది చాలా కష్టమైన పని. మూడు రోజులు గీశాడు. మర్నాటికి, ఆ పని ముందెప్పుడైనా చేసినట్లే అతనికి గుర్తు లేదు. చేతికి మాత్రం గుర్తుంది! తప్పులు రోజురోజుకీ తగ్గిపోయాయి. సైకిలు తొక్కడం, ఈత, చేతివేళ్ళ అలవాట్లు ఈ రెండో రకం జ్ఞాపకం కిందికి వస్తాయి.

టైపు కూడా అంతే. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో నిమిషానికి డెబ్భై మాటలకు పైగా కొట్టగలవాళ్ళకు ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి, ఏ అక్షరం ఎక్కడుందో రాయమన్నారు. సగటున పదిహేను అక్షరాలే సరిగ్గా రాయగలిగారు. ఉన్నవి ఇరవై ఆరు. మిగతావి ఎక్కడున్నాయో వేళ్ళకే తెలుసన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మాటను కంటితో గుర్తుపెట్టుకోవడం కష్టమైన పిల్లవాడికి వేళ్ళ కదలిక రెండో ఆధారం అవుతుంది. ఇంగ్లీషులో ‘లైట్’, ‘నైట్’, ‘రైట్’ మాటలు తీసుకోండి. మూడింటికీ చివర ఐ, జి, హెచ్, టి అనే నాలుగక్షరాలు. వాటిలో రెండు నోటికి పలకవు. రాతలో ఎంత తికమక! కీబోర్డు మీద అయితే అది కుడి నడిమివేలు, ఎడమ చూపుడువేలు, కుడి చూపుడువేలు, మళ్ళీ ఎడమ చూపుడువేలు. బల్ల మీద ఇప్పుడే కొట్టి చూడండి. డప్పు దరువులా ఉంది కదూ! మాటల్ని ఇలా కుటుంబాలుగా చేర్చి, మాటను పైకి పలుకుతూ, చెవి విన్నదాన్ని వేలు కొట్టేటట్లు సాధన చెయ్యాలి. కన్ను తెర మీద ఉండాలి.

ఎఫ్, జె మీటల మీద చిన్న గీత పొడుచుకుని ఉంటుంది, తడిమి చూడండి. చూపుడువేళ్ళు రెండూ అక్కడ ఆనితే మిగతా వేళ్ళు వాటంతటవే వాటి స్థానాల్లోకి వస్తాయి. చేతుల మీద పలచని తువ్వాలు కప్పుకోండి. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కన్నా రోజూ పావుగంట మేలు. వేగం జోలికి పోవద్దు. వేళ్ళకు తప్పొప్పులు తెలియవు, ఏది పదేపదే చేయిస్తే అదే నేర్చుకుంటాయి. కనుక తప్పు పడితే ఒక్క అక్షరం దిద్ది ఊరుకోకుండా మాటంతా మళ్ళీ కొట్టండి. స్పెల్లింగు దిద్దిపెట్టే సదుపాయాన్ని సాధన చేసేటప్పుడు ఆపెయ్యండి. ఫోను మీద బొటనవేళ్ళతో కొట్టడం దీనికి పనికిరాదు. అక్కడ మీటల్ని తడిమి గుర్తుపట్టే వీలు లేదు. పైగా సగం మాట కొట్టగానే మిగతా సగం అదే చెప్పేస్తుంది.

ఇది మందు కాదని కూడా చెప్పాలి. టైపు నేర్చుకున్నంత మాత్రాన చదవడం వచ్చెయ్యదు. ధ్వనులనూ అక్షరాలనూ ఓపిగ్గా, వరుసగా నేర్పే ఉపాధ్యాయుడు ఉండి తీరాలి. చిన్నతరగతుల పిల్లలకు చేత్తో అక్షరాలు దిద్దడం కూడా అవసరమే. అక్షరాన్ని గుర్తుపట్టడం దానివల్ల బాగా అలవడుతుంది. ఇంకొకటి, ఇలాంటి పిల్లల్లో కొందరికి వేళ్ళ అలవాటు పడడానికే మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలం పడుతుంది. పక్కవాడికి నెల పట్టిందని వీడికీ నెలే పట్టాలని పెద్దవాళ్ళు పట్టుబట్టకూడదు. బడి కంప్యూటరు గదిలో ఇలాంటి పిల్లలకు రోజూ ఆ పావుగంట విడిగా కేటాయించడం కష్టమేమీ కాదు. మధ్యాహ్న భోజనం తరువాత ఆ గది చాలా బడుల్లో తాళం వేసే ఉంటుంది.

తెలుగు టైపులో మరో సౌకర్యం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. ‘క’ మీటనే షిఫ్టుతో కలిపి నొక్కితే ‘ఖ’, అలాగే ‘గ’ మీట మీద ‘ఘ’, ‘త’ మీద ‘థ’. ఒత్తు పలికితే షిఫ్టు. ఇక సంయుక్తాక్షరాన్ని పలికిన వరుసలోనే విప్పి కొట్టాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. మొత్తం ఆరు దెబ్బలు. రాసేటప్పుడు కింద, పక్కన ముడిపడిపోయే ధ్వనులు ఇక్కడ పూసల్లా విడివిడిగా వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే యంత్రమే తెలుగు చేసిపెట్టే పద్ధతిలో ఈ లాభం లేదు.

షిఫ్టును లెక్కలోకి తీసుకోకుండా, ‘ఉష్ణోగ్రత’కు ఎన్ని దెబ్బలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పండి చూద్దాం. తొమ్మిది వచ్చిందా?