తుడవడం వేరు, క్రిమిని చంపడం వేరు

చి. కిరణ్‌కి, పెద్దమ్మ దీవెనలు.

మొన్న కాకినాడ వచ్చినప్పుడు నీ జిమ్ చూసి సంతోషించాను. లోపల అడుగు పెట్టగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. "ఎంత నీట్‌గా ఉందో చూశావా పెద్దమ్మా" అన్నావు. నలుగురి ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. ఆపరేషన్ థియేటర్లో సిస్టర్‌గా చేసి రిటైరైనదాన్ని, ఉత్తరంలోనైనా చెప్పకుండా ఉండలేను.

వాసనను బట్టి శుభ్రం తేలదురా. నీ దగ్గర తుడిచే కుర్రాణ్ణి కాసేపు గమనించాను. భుజాన ఒకటే నాప్కిన్. బెంచి మీద స్ప్రే ఇలా కొట్టడం, అలా తుడిచేయడం. అదే గుడ్డతో సైకిల్ హ్యాండిల్, దాంతోనే డంబెల్స్. ఒకరి చెమట పదిమందికీ పంచుతున్నాడన్నమాట. వాడి తప్పేం లేదు, చెప్పినవాళ్లు లేరు. ముందు సబ్బునీళ్లతో చెమటా జిడ్డూ వదలగొట్టాలి. జిడ్డు పొర ఉంటే మందు కింద ఉన్న క్రిమిదాకా సరిగా పోదు. ఆ తర్వాతే మందు పూసి, సీసా మీద రాసినంతసేపు తడి ఆరకుండా చూడాలి. కొన్నిటికి నిమిషం చాలు, కొన్నిటికి పది నిమిషాలు పడుతుంది. ఆ వేళ తీరకుండా తుడిచేస్తే మందుకి పెట్టిన డబ్బు గుడ్డకే పోయినట్టు.

పొద్దునా సాయంత్రం రద్దీలో ఇదంతా కుదరదని నాకూ తెలుసు. అప్పుడు ఎవరు వాడిన బెంచి వాళ్లు తుడుచుకుంటే చాలు. ఎవరి టవల్ వాళ్లు తెచ్చుకోవాలని మాత్రం గట్టిగా చెప్పు. అసలు పని మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడూ, రాత్రి మూసేముందూ చేయించు. బెంచీలకో రంగు గుడ్డ, బాత్రూముకో రంగు గుడ్డ పెడితే కలిసిపోవు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది తామర. మన సముద్రం పక్క ఉక్కపోతకి అది ఇట్టే అంటుకుంటుంది. దాని బీజాలు మ్యాట్ మీద నెలల తరబడి బతికే ఉంటాయి. పైగా మనవాళ్లు డాక్టరుకి చూపించకుండా మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొని రాస్తారు. రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, లోపల మాత్రం పాకుతూనే ఉంటుంది. ఇప్పుడు మామూలు మాత్రలకి లొంగని తామర కూడా మన దేశంలో బాగా కనిపిస్తోంది. ఎవరికైనా గుండ్రటి మచ్చ కనిపిస్తే పక్కకి పిలిచి మర్యాదగా చెప్పు, చర్మం డాక్టరు దగ్గరికి పంపు. తగ్గేదాకా రావద్దంటే ఆ నెల ఫీజు పోతుందనుకుంటావేమో, పోనీ. చీము పట్టిన కురుపున్నవాళ్లకీ అదే మాట. కురుపు చేసే స్టాఫ్ క్రిమి పొడి వస్తువుల మీద కూడా వారాలకొద్దీ ఉంటుంది.

బ్లీచింగ్ ద్రావణం బాత్రూములకే వాడు. 5 శాతంది అయితే లీటరు నీళ్లకి 20 మిల్లీలీటర్లు, ఏ రోజుకారోజు కలపాలి. దాన్ని యాసిడ్ క్లీనర్‌తో కలపనివ్వకు. విషవాయువు పుడుతుంది, ఆ ఇరుకు గదిలో కుర్రాడి ప్రాణం మీదికొస్తుంది. ఇనప రాడ్ల మీద బ్లీచింగ్ పోస్తే తుప్పు పడుతుంది. పట్టుకునే చోట గరుకు గీతల్లో చెమట పేరుకుంటుంది కాబట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, పొడిగా తుడవమను. ట్రెడ్‌మిల్ బటన్ల మీద నేరుగా స్ప్రే కొట్టకూడదు, గుడ్డకి పట్టించి తుడవాలి. తుడిచే గుడ్డలు సర్ఫులో ఉతికి ఎండలో ఆరేయాలి. తడిగుడ్డ బకెట్లో మగ్గిందంటే అదే క్రిములకి ఇల్లు.

కిటికీ పక్కన బెంచికి రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది చూడు, దానికి టేపు అంటించకు. స్పాంజి లోపల చెమట తాగి కూర్చుంది, అక్కడిదాకా ఏ మందూ పోదు. కొత్త కవరు కుట్టించేదాకా ఆ బెంచి పక్కన పెట్టు. కుర్రాడికి గ్లవ్స్ కొనిపెట్టు. పని పెరుగుతోంది కాబట్టి వాడి జీతం కూడా చూడు.

ఉంటాను,
పెద్దమ్మ