రెండరింగ్ వచ్చా? ఖగోళశాస్త్రంలోనూ పనుంది

హైదరాబాద్‌లో షేక్‌పేట, టోలిచౌకి వైపు ఇంటర్ పిల్లల్ని అడిగి చూడండి. అంతరిక్షం అంటే ఇష్టమన్నవాళ్లలో చాలామంది ఇస్రో అనే అంటారు. ఇంట్లో పెద్దవాళ్లదీ అదే మాట. కానీ ఇస్రో ముఖ్యంగా ఇంజినీర్ల సంస్థ. అక్కడి సైంటిస్ట్ ‘ఎస్‌సీ’ పోస్టులు ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లకే. కొత్త గ్రహాలనూ కృష్ణబిలాలనూ పట్టుకునే పని వేరు. దానికి ఫిజిక్స్‌లో బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలి.

ఇంకో దారి కూడా ఉంది, సినిమా గ్రాఫిక్స్ నైపుణ్యంతో. ఫిల్మ్‌నగర్ పక్కనే ఉండి మన పిల్లలు దాని వైపు చూడకపోవడమే విచిత్రం. 2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్’ సినిమాకు తెర మీద కృష్ణబిలం కావాల్సి వచ్చింది. కంప్యూటర్‌తో బొమ్మలు తయారుచేసే మామూలు రెండరింగ్ సాఫ్ట్‌వేర్ కాంతి తిన్నగా పోతుందనే లెక్క మీద నడుస్తుంది. కృష్ణబిలం దగ్గర కాంతి వంగుతుంది. అందుకని డబుల్ నెగెటివ్ అనే గ్రాఫిక్స్ స్టూడియో వాళ్లు, భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాలతో కొత్త కోడ్ రాసుకున్నారు. ఆ పనే 2015లో పరిశోధన పత్రంగా అచ్చయింది. రచయితల్లో థోర్న్ పేరు పక్కన స్టూడియో వాళ్ల పేర్లున్నాయి.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సంగతే చూడండి. 2022 జులై 12న వచ్చిన దాని తొలి రంగుల చిత్రాలు అందరూ చూసినవే. వెబ్ పట్టేది ప్రధానంగా పరారుణ కాంతి, మన కంటికి కనపడదు. ఒక్కో ఫిల్టర్ నుంచి ఒక్కో నలుపు తెలుపు చిత్రం వస్తుంది. తక్కువ తరంగదైర్ఘ్యానికి నీలం, ఎక్కువదానికి ఎరుపు ఇచ్చి, మచ్చలు తుడిచి, పొరలు కలుపుతారు. ఇందులో సగం పని జూబ్లీహిల్స్‌లో సినిమా చిత్రాల పొరలు కలిపే ఏ కంపాజిటర్‌కైనా తెలిసిందే. మిగతా సగానికి మాత్రం చదువు కావాలి. ఇక్కడ ప్రతి పిక్సెలూ ఒక కొలత. డైరెక్టర్‌కు నచ్చలేదని నక్షత్రాన్ని పక్కకు జరపలేం.

ఫొటోలతో ఖగోళశాస్త్రం చేయడం హైదరాబాద్‌కు కొత్తేం కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీసి లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు.

మొదలుపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. వెబ్, హబుల్ డేటా మాస్ట్ ఆర్కైవ్‌లో, చంద్రయాన్, ఆదిత్య ఎల్1 డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. షేక్‌పేట నారాయణమ్మ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయికి పైథాన్ ఎలాగూ వస్తుంది. దానికి ఖగోళ లెక్కల ఆస్ట్రోపై లైబ్రరీ, టెలిస్కోప్ చిత్రాలుండే ఫిట్స్ ఫైళ్లు చదవడం జోడిస్తే చాలు. ఒక్క చిత్రమైనా మొదటి నుంచి చివరిదాకా సొంతంగా తయారుచేసి, ఏ ఫిల్టర్‌కు ఏ రంగు ఎందుకిచ్చారో రాసి పెట్టుకోండి. నా లెక్కలో పది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కన్నా అదే ఎక్కువ.

ఉద్యోగాల మాటకొస్తే, ఖగోళశాస్త్రంలో శాశ్వత పోస్టులు తక్కువ. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అయితే డేటా నుంచి చిత్రాలు తయారుచేసే ఈ నైపుణ్యం ఉపగ్రహ చిత్రాల రంగంలోనూ పనికొస్తుంది. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) చేసేది ఆ పనే. 2025 జులై 30న ఎగిరిన నైసార్ లాంటి ఉపగ్రహాల రాడార్ డేటాను చదవగలిగేవాళ్ల అవసరం పెరుగుతుంది. రాకెట్లే కావాలనుకుంటే, 2022 నవంబరు 18న విక్రమ్ ఎస్‌ను ప్రయోగించిన స్కైరూట్ మన ఊరిదే. ఉపగ్రహాలైతే ధ్రువ స్పేస్ ఉంది.

ఇంటర్‌లో ఉన్నవాళ్లు ఐసర్ ప్రవేశ పరీక్ష, తిరువనంతపురం ఐఐఎస్‌టీ కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్ చూసుకోవాలి. బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ ఉంది. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో, పరీక్ష ఫిబ్రవరిలో. పైథాన్ మోజులో పడి మెకానిక్స్, ఆప్టిక్స్ పక్కన పెట్టారో, ఆ పరీక్షలో దొరికిపోతారు.