ఆన్‌లైన్ ఆట పెట్టాలంటే: ముందు డబ్బు దారి చూసుకోండి

ఫోన్‌లో ఆడే పేకాట యాప్ పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు ప్రోగ్రామర్‌ని, తర్వాత పెట్టుబడిని వెతుక్కుంటారు. లాయర్ దగ్గరికి అన్నీ అయ్యాక వెళ్తారు. ఈ వరస తిరగెయ్యండి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ ఆటలకు లైసెన్సు అనేదే లేదు. ఎవరైనా ఇప్పిస్తామని ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మొదట ఒక కాగితం తీసుకుని, మీ ఆటలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో గీయండి. ఆడేవాళ్లు ఏం కడుతున్నారు? గెలిస్తే వాళ్లకు ఏం వస్తోంది? గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి, గెలిచాక డబ్బో మరో లాభమో పొందే ఏర్పాటు ఉంటే అది నిషిద్ధమైన మనీ గేమ్. నోట్ల బదులు కాయిన్లు, టోకెన్లు, క్రెడిట్లు పెట్టినా తప్పించుకోలేరు. డబ్బుతో కొన్న కాయిన్లను పందెం కాయించి, గెలిచినవాటిని షాపింగ్ ఓచర్‌గానో మొబైల్ రీచార్జ్‌గానో మార్చుకోనిచ్చారంటే గీత దాటినట్టే. కాగితం మీద అలాంటి గీత ఒక్కటి కనిపించినా కోడ్ రాయడం ఆపి ఆట రూపం మార్చండి.

‘మాది నైపుణ్యం ఆట, జూదం కాదు’ అనే వాదన మీకు చాలామంది చెబుతారు. దానికి మూలం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అక్కడి ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. ఆ తీర్పు నీడలోనే రమ్మీ యాప్‌లు పెరిగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలకు ఆ నీడ లేకుండా చేశాయి. అప్పుల యాప్‌లో తెచ్చి రమ్మీ యాప్‌లో పోగొట్టుకున్న కుటుంబాలను చూసినవాళ్లెవరూ ఆ సవరణలు అన్యాయమని అనలేరు. ఇప్పుడు కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే చూడదు. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. తీర్పు మనవైపు వస్తుందన్న ఆశ మీద మాత్రం వ్యాపారం కట్టొద్దు.

మరి మిగిలిన దారులేమిటి? రెండు. ఒకటి సోషల్ గేమ్: వినోదానికో, నేర్చుకోవడానికో ఆడేది. ప్రవేశానికి ఒకసారి ఫీజు, లేదా నెలవారీ చందా తీసుకోవచ్చు. ఆ సొమ్ము పందెం కాకూడదు, గెలుపుకు డబ్బు ముట్టకూడదు. రెండోది ఈ-స్పోర్ట్: నిర్ణీత నియమాలతో జరిగే పోటీ. దీనికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉండాలి. పోటీలో చేరడానికో, నిర్వహణ ఖర్చులకో రుసుము తీసుకుని, ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వొచ్చు. కానీ ఆడేవాళ్లు గానీ చూసేవాళ్లు గానీ దాని మీద పందెం కాయకూడదు. పేకాటకు ఈ-స్పోర్ట్ అని పేరు పెట్టినంత మాత్రాన కాదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సోషల్ గేమే మేలని నా అభిప్రాయం.

తర్వాత ప్రకటనల సంగతి. చాలామంది జారేది ఇక్కడే. మీ ఆటలో పందెం లేకపోయినా, ప్రకటనల కంపెనీ మీ తెర మీద విదేశీ బెట్టింగ్ సైటు ప్రకటన చూపించవచ్చు. మనీ గేమ్‌ల ప్రకటనకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అందుకే ప్రకటనల సెట్టింగుల్లో జూదం విభాగాన్ని మొదటి రోజే ఆపేయండి. అప్పుడప్పుడు తెరిచి చూస్తుండండి. మనీ గేమ్‌నే నడిపినవాళ్లకు శిక్ష మూడేళ్ల దాకా, జరిమానా కోటి దాకా. దానికి డబ్బు చెల్లింపులు సాగనిచ్చినవాళ్లకూ అంతే. ఈ రెండు నేరాలకూ బెయిలు హక్కుగా రాదు. సర్వర్ విదేశంలో పెట్టినా, ఇక్కడివాళ్లు ఆడుతుంటే చట్టం వర్తిస్తుంది. ఆడినవాళ్లను మాత్రం ఈ చట్టం శిక్షించదు.

ఆడేవాళ్ల వివరాలు తీసుకుంటుంటే 2023 నాటి డేటా రక్షణ చట్టం చదవండి. 18 ఏళ్లు నిండనివాళ్లంతా అందులో పిల్లలే. వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలని, వాళ్ల మీద గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని ఆ చట్టం అంటుంది.

ఇంతకుముందే మనీ గేమ్ నడిపి ఆపేసినవాళ్లకు వేరే పని ఉంది. ఖాతాల్లో మిగిలిన సొమ్మును ఆటగాళ్లకు తిరిగి ఇచ్చేయండి, ఇచ్చినట్టు రుజువు ఉంచుకోండి. ఆట ఆగినా పాత పన్ను బాకీ ఆగదు. 2023 అక్టోబరు 1 నుంచి పందెం కోసం వేసిన పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేశారు. గెలిచినవాళ్ల నికర లాభంలో 30 శాతం టీడీఎస్ కోయాల్సిన బాధ్యతా నిర్వాహకులదే. ఆ లెక్కలు ఆడిటర్‌తో సరిచూయించి, జీఎస్టీ పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచండి.